మూడు వేల రూపాయల కాయిన్ కిట్: మైక్రోస్కోప్ కంటే త్రాసే నయం

ఆన్‌లైన్‌లో "కాయిన్ టెస్టింగ్ కిట్" అని అమ్ముతున్న పెట్టె ఒకటి కొన్నాను. ధర 3,199 రూపాయలు. అందులో ఒక యూఎస్‌బీ మైక్రోస్కోప్, జేబులో పట్టే డిజిటల్ త్రాసు, మడతపెట్టే భూతద్దం, వెడల్పు కొలిచే ప్లాస్టిక్ వెర్నియర్, గోరంత అయస్కాంతం ఉన్నాయి. ఐదుకి మూడున్నర స్టార్లు ఇస్తున్నాను. అందులో రెండు త్రాసువి. ఇంకొకటి అయస్కాంతం, వెర్నియర్ కలిసి సంపాదించుకున్నది. మిగిలిన అర మైక్రోస్కోప్‌ది. పెట్టె మీద బొమ్మ మాత్రం మైక్రోస్కోప్‌దే వేశారు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను, ఉండేది విజయవాడలో. సర్వీసులో ఉన్నన్నాళ్లూ సంచిలో పడ్డ చిల్లరలో తేడాగా కనిపించిన నాణెం పక్కన పెట్టి, దాని విలువ నా జేబులోంచి సంచిలో వేసేవాణ్ణి. అలా పోగైనవి హార్లిక్స్ సీసాల్లో ఉన్నాయి. వీటికి తోడు మా నాన్నగారి నాటి అణాలు, కాణీలు, నిజాం రూపాయలు. ఇంట్లో ఆవిడ వాటిని పాత సామాన్లవాడికి ఇచ్చేయమంటుంది. యూట్యూబ్‌లో వాళ్లేమో ఒక్కొక్కటీ లక్షలు అంటారు. ఈ లక్షల కథలు ఎంత ముదిరాయంటే, రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలు, నోట్లు కొంటామంటూ కమీషన్లు గుంజేవాళ్లను నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అసలు నా దగ్గరున్న వాటిలో ఏది టంకశాలలో జరిగిన పొరపాటు (సేకరించేవాళ్ల మాటలో ఎర్రర్), ఏది బయటికొచ్చాక తగిలిన దెబ్బ అన్నది తేల్చుకుందామని ఈ కిట్ తెప్పించాను. కాబట్టి ఈ రివ్యూ అంతా ఆ ఒక్క పనికి ఇది ఎంతవరకు ఉపయోగపడింది అన్నదాని గురించే.

ముందు మైక్రోస్కోప్. పెట్టె మీద 1600ఎక్స్ అని ఉంది. అది వట్టి మాట. కంప్యూటర్ తెర మీద బొమ్మను సాగదీసి ఆ లెక్క చెబుతారు. నాణేలకు అంత అవసరం కూడా లేదు. అక్షరం ఒక్కటి తెర నిండితే చాలు, అంతవరకు ఇది బాగానే చూపిస్తుంది. స్టాండ్ ప్లాస్టిక్‌ది, బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే బొమ్మ వణుకుతుంది. అదీ సర్దుకోవచ్చు. అసలు ఇబ్బంది దాని లైట్లతో.

నాణేలు చూసేవాళ్లందరూ మొదట పట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. అచ్చుకు దెబ్బ తగిలితే నాణెం మీద ఉబ్బు వస్తుంది, నాణేనికి దెబ్బ తగిలితే గుంట పడుతుంది. అచ్చు, అంటే డై, గట్టి ఉక్కుతో చేసింది. అది పగిలితే ఆ పగులులోకి నాణెం లోహం దూరి, పైకి లేచిన సన్నని గీతగా నిలుస్తుంది. దాన్నే డై క్రాక్ అంటారు. బ్లేడుతో గీసినా, తాళాల గుత్తితో రాసుకున్నా గీత లోపలికి దిగుతుంది. అంటే తేల్చాల్సింది ఒక్కటే: ఈ గీత పైకి ఉందా, లోపలికి ఉందా?

ఈ మైక్రోస్కోప్‌లో తెలియనిది సరిగ్గా అదే. లెన్సు చుట్టూ ఎల్ఈడీ దీపాలు వలయంగా ఉంటాయి. అన్ని వైపుల నుంచీ వెలుగు పడితే నీడ ఉండదు. నీడ లేకపోతే గట్టూ గుంటా రెండూ తెల్లటి గీతల్లాగే కనిపిస్తాయి. చూస్తూ ఉంటే కన్ను కూడా మాట మారుస్తుంది, ఇప్పుడు ఉబ్బుగా కనిపించింది కాసేపటికి పల్లంగా అనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో "డై క్రాక్" అని అమ్మకానికి పెట్టే ఫొటోల్లో చాలావరకు ఇలాంటి వెలుగులో తీసినవే.

దీనికి మందు కిట్‌తో వచ్చిన పుస్తకంలో లేదు, నేను చెబుతాను. వైరు మీదున్న చిన్న చక్రం తిప్పి ఆ దీపాలు పూర్తిగా ఆర్పేయండి. టేబుల్ లైటు గానీ ఫోను టార్చి గానీ పక్క నుంచి, నాణేనికి దాదాపు సమానమైన ఎత్తులో పెట్టండి. ఇప్పుడు నాణెం మీదున్న అక్షరం ఒకటి చూడండి. అక్షరం పైకి లేచి ఉంటుందన్నది ఖాయం కదా, దాని నీడ ఏ పక్కన పడిందో గమనించండి. అనుమానం ఉన్న గీతకు కూడా నీడ అదే పక్కన ఉంటే అది ఉబ్బు. ఎదురు పక్కన ఉంటే గుంట. కెమెరా బొమ్మను తలకిందులు చేసినా ఈ పద్ధతి తప్పదు, ఎందుకంటే అక్షరమూ గీతా కలిసే తిరుగుతాయి.

ఇలా చూశాక నా సీసాల్లో డై క్రాక్‌లనుకున్నవి కొన్ని గీతలుగా తేలాయి, గీతలనుకున్నవి ఒకటి రెండు డై క్రాక్‌లయ్యాయి. అందులో ఒకటి 1990ల నాటి స్టీలు రూపాయి, అంచు నుంచి లోపలికి సన్నని గీత, టంకశాల గుర్తు ఏదీ లేదు కాబట్టి కలకత్తాది. మనకున్న నాలుగు టంకశాలల్లో హైదరాబాద్‌ది నక్షత్రం, ముంబైది వజ్రం ఆకారం, నోయిడాది చుక్క. కలకత్తాకు గుర్తు ఉండదు. చాలామంది ఆ గుర్తు లేకపోవడాన్నే ఎర్రర్ అని ఫొటోలు పెడుతుంటారు. "మింట్ మార్క్ మిస్సింగ్" అన్న మాట కనిపిస్తే నేను ఇక ముందుకు చదవను.

మైక్రోస్కోప్ నిజంగా పనికొచ్చింది ఒక్కచోట. అంకెలు, అక్షరాలు రెండు రెండుగా కనిపించే నాణేలు ఉంటాయి. వాటిని "డబుల్ డై" అని వందల్లో, వేలల్లో చెబుతారు. అచ్చు తయారీలోనే బొమ్మ రెండుసార్లు పడితే రెండో గీత కూడా మొదటి దానంత గుండ్రంగా, ఎత్తుగా ఉంటుంది, అక్షరాల మూలల దగ్గర చీలిక కనిపిస్తుంది. కొట్టిన తర్వాత అచ్చు కాస్త జారి అక్షరం అంచును తోసేస్తే, పక్కన చదునైన మెట్టులాంటిది ఏర్పడుతుంది, అసలు అక్షరం ఆ మేరకు సన్నబడుతుంది. ఈ రెండోదాన్ని మెషీన్ డబ్లింగ్ అంటారు. స్టీలు రూపాయల్లో ఇది కొల్లలు, అదనపు విలువ ఏమీ ఉండదు. ఈ తేడా తెర మీద స్పష్టంగా కనిపించింది. ఆ అర స్టారు దీనికే.

ఇక త్రాసు. 200 గ్రాముల వరకు, 0.01 గ్రాము తేడా చూపిస్తుంది. కొత్తగా వచ్చినప్పుడు మా వీధి చివర నగల పని చేసే ఆచారి గారి దగ్గరికి పట్టుకెళ్లి ఆయన త్రాసుతో పోల్చాను. రెండూ దాదాపు ఒకే మాట చెప్పాయి. ఆయన నా చేతిలో జార్జి రూపాయి చూసి, "ఇది అసలు తులం, మేం ఇప్పుడు పది గ్రాములకు దిగిపోయాం" అన్నారు. నిజమే. ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1835లో పెట్టిన రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, అదే తులం. 1939 వరకు ఆ బరువూ మారలేదు, అందులో వెండి పాళ్లూ మారలేదు. 1940లో వెండిని సగానికి తగ్గించారు, బరువు మాత్రం అలాగే ఉంచారు.

స్వతంత్రం వచ్చాక నాణేల బరువులు చాలాసార్లు మారాయి. ఎర్రర్ పేరుతో జరిగే మోసాల్లో సగం ఈ మార్పుల చాటునే నడుస్తాయి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. అప్పటి పదకొండు మూలల రెండు రూపాయలు 6 గ్రాములు, రాగి నికెల్ కలిసిన లోహం. మందంగా ఉండే పాత ఐదు రూపాయలు 9 గ్రాములు. 2009లో వచ్చిన పసుపురంగు ఐదు రూపాయలు 6 గ్రాములు. 2011 సిరీస్‌లో రూపాయి చిన్నదై 3.79 గ్రాములకు దిగింది. రెండు రూపాయలు 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు అయింది, అంటే అచ్చంగా పాత రూపాయి కొలత. పది రూపాయలు 7.71 గ్రాములు. ఈ అంకెలు చిన్న కాగితం మీద రాసి త్రాసు మూతకు లోపల అంటించుకున్నాను. మీరూ అంటించుకోండి, కిట్‌లో ఇవ్వలేదు.

ఒక నాణేల ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఈ త్రాసు జేబులో ఉంది. ఒక స్టాల్‌లో పసుపు ఐదు రూపాయల "లాఖీ" పెట్టి 2,500 చెప్పారు. లాఖీ అంటే తెలియనివాళ్ల కోసం: కొట్టిన నాణెం బయటికి రాకుండా అచ్చుకే అతుక్కుపోతే, తర్వాత వచ్చిన ఖాళీ బిళ్ల మీద అచ్చు బదులు ఆ నాణెం ముద్ర పడుతుంది. దాంతో ఒక వైపు మామూలుగా, రెండో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది. ఇంట్లో ఉంటే లక్షాధికారులవుతారన్న నమ్మకంతో ఆ పేరు వచ్చిందంటారు. ఇంగ్లిష్ పుస్తకాల్లో బ్రాకేజ్ అంటారు.

ఆ ఐదు రూపాయలు త్రాసు మీద పెడితే 5.2 చిల్లర చూపించింది. అడిగితే ఆ కుర్రవాడు, "ఎర్రర్ కాబట్టే బరువు తక్కువ సార్" అన్నాడు.

"బాబూ, బిళ్ల పూర్తిగా ఉండి ముద్ర మాత్రమే తప్పు పడితే లోహం ఎక్కడికి పోతుంది?" అన్నాను.

"మీరు కొనేవాళ్లైతే చెప్పండి సార్, 1,800కి ఇస్తాను" అన్నాడు.

జరిగింది ఇదీ. మామూలు నాణేనికి ఒక వైపు బొమ్మను అరగదీసి చదును చేస్తారు. దాని మీద ఇంకో నాణెం పెట్టి వైస్‌లో గానీ ప్రెస్‌లో గానీ బిగిస్తారు. బొమ్మ తిరగబడి లోపలికి దిగుతుంది, పైపైన చూస్తే లాఖీ లాగే ఉంటుంది. కానీ అరగదీసిన లోహం బరువులో తెలిసిపోతుంది. సోమరిపోతులు అరగదీయకుండానే నొక్కేస్తారు. అప్పుడు బరువు సరిపోతుంది గానీ అసలు బొమ్మ ఆనవాళ్లు అడుగున కనిపిస్తుంటాయి, వెనక వైపు బొమ్మ కూడా నలిగి చదునవుతుంది. నిజమైన లాఖీలో వెనక బొమ్మ బాగా తేరి ఉంటుంది, లోపలికి దిగిన వైపు రెండో బొమ్మ ఛాయ ఉండదు. స్టీలు మీద ఈ పని కష్టం కాబట్టి నకిలీలు ఎక్కువగా పసుపు ఐదు రూపాయల్లో, పాత అల్యూమినియం పైసల్లో కనిపిస్తాయి.

త్రాసు ఒక్కటే అన్నీ చెప్పదు. అది చెప్పలేనిది కూడా ఇక్కడే చెప్పాలి. సత్యనారాయణపురంలో రైలు కట్ట ఉన్న రోజుల్లో పట్టాల మీద పైసలు పెట్టని పిల్లవాడు లేడు. బండి వెళ్లాక వాటి బరువు మారదు, వెడల్పు మారుతుంది. అలాంటివాటిని ఇప్పుడు "బ్రాడ్ స్ట్రైక్" అని అమ్ముతున్నారు. నాణెం కొట్టేటప్పుడు చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం ఉంటుంది, లోహం పక్కలకు పోకుండా అది ఆపుతుంది. అది పడకపోతే అంచులు విచ్చుకుంటాయి. కానీ మధ్యలో బొమ్మ తన కొలతలోనే ఉంటుంది, సాగేది చుట్టూ ఉన్న ఖాళీ అంచు మాత్రమే. రైలు కింద పడ్డదాంట్లో బొమ్మే సాగి, ఒక పక్కకు కోలగా అవుతుంది. సింహాల తలలు సాగి ఉంటే ఆ తప్పు టంకశాలది కాదు. వెర్నియర్‌తో మామూలు నాణెం మీద అంకె ఎత్తు, దీని మీద అంకె ఎత్తు కొలిస్తే తేలిపోతుంది. ఈ వెర్నియర్ ప్లాస్టిక్‌ది కావడం నాకు నచ్చింది, నాణెం మీద గీతలు పడవు.

అంచు తెగిన నాణేలకు కూడా త్రాసు సాయం తక్కువ. లోహపు రేకు నుంచి బిళ్లలు కోసేటప్పుడు ముందు కోసిన రంధ్రం మీద రెండోసారి పడితే చంద్రవంకలా ఒక ముక్క లేకుండా బిళ్ల వస్తుంది. దానికీ బరువు తక్కువే, ఆకురాయితో అరగదీసినదానికీ తక్కువే. తేడా తెగిన చోట కాదు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు దగ్గర వెతకాలి. బిళ్లకు అంచు కట్టే యంత్రం రెండు వైపుల నుంచీ ఒత్తుతుంది. ఒక పక్క లోహమే లేకపోతే ఎదుటి పక్కకు ఒత్తిడి అందదు, అక్కడ అంచు పలచగా, సగం సగంగా వస్తుంది. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. ప్రతి నిజమైన నాణెంలోనూ ఇది కనిపించకపోవచ్చు గానీ, కనిపిస్తే మాత్రం గట్టి సాక్ష్యం. ఇంకో ఆనవాలు, తెగిన చోటి పక్కనున్న అక్షరాలు ఆ ఖాళీ వైపు జారినట్టు పలచబడతాయి. ఆకురాయి పడితే అక్షరం నిటారుగా కోసినట్టు తెగిపోతుంది. ఇది చూడటానికి కిట్‌లోని భూతద్దమే హాయి. దాని మీద 30ఎక్స్ అని చెక్కారు. పదికి మించి ఉండదు, కానీ ఈ పనికి పదే కావాలి.

అయస్కాంతం సంగతి. ధర లెక్కేస్తే పది రూపాయలు ఉండదు, చేసే పని మాత్రం చాలా ఉంది. మా పక్కింటి అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఎర్రగా రాగిరంగులో ఉన్న రూపాయి పట్టుకొచ్చాడు. "మావయ్యా, ఇది రాగి బిళ్ల మీద పడ్డ రూపాయి, రాంగ్ ప్లాంచెట్ అంటారు, చూడండి" అన్నాడు. అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది. రాగి అంటుకోదు. బరువు కూడా స్టీలు రూపాయిదే. ఎవరో మైలుతుత్తం నీళ్లలో బ్యాటరీ తీగలు పెట్టి పూత వేశారు. "మరి ఇంటర్‌లో మీరు చేసిన ప్రాక్టికల్ ఇదే కదరా" అన్నాను.

నిజమైన రాంగ్ ప్లాంచెట్ పట్టుకోవాలంటే మూడు కొలతలూ ఒకే మాట చెప్పాలి. పాత పదకొండు మూలల రెండు రూపాయల బొమ్మ, రూపాయి బిళ్ల మీద పడిందనుకోండి. బరువు 4.85 ఉండాలి, గుండ్రంగా ఉండాలి, అయస్కాంతానికి అంటుకోవాలి. రాగి నికెల్ రెండు రూపాయలు అంటుకోదు కాబట్టి ఇక్కడ బుకాయింపు కుదరదు. బరువు ఐదు గ్రాములుండి, అంటుకోకపోతే, దాన్ని యాసిడ్‌లో ముంచారేమో చూడాలి. యాసిడ్ అన్ని వైపులా తింటుంది కాబట్టి వెడల్పు కూడా కాస్త తగ్గుతుంది, అక్షరాలు సన్నబడి అరిగిన సబ్బు మీది పేరులా మిగులుతాయి. పలచని బిళ్ల మీద టంకశాలలోనే పడ్డదైతే వెడల్పు తగ్గదు, కాలర్ దాన్ని పట్టి ఉంచుతుంది.

పది రూపాయల నాణేల గురించి కొంచెం. సర్వీసు చివరి రోజుల్లో వీటితో పడ్డ తలనొప్పి అంతా ఇంతా కాదు. గీతలు పది ఉంటే మంచిది, పదిహేను ఉంటే నకిలీ అని ఎవరో పుట్టించారు, ప్యాసింజర్లు తీసుకోరు, ఇస్తే గొడవ. 2018లో రిజర్వు బ్యాంకు పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని చెప్పినా మన ఊళ్లలో కొట్టువాళ్లు వినలేదు. అవి వేర్వేరు డిజైన్లు, ఎర్రర్లూ కావు, నకిలీలూ కావు. వీటిలో మధ్య బిళ్లను సుత్తితో కొట్టి ఊడదీసి, తిప్పి మళ్లీ దూర్చి ఎర్రర్ అంటారు. బయటి వలయం, లోపలి బిళ్ల కలిసేది ముద్ర పడే దెబ్బతోనే, కాబట్టి టంకశాలలో వాటి మధ్య బొమ్మ తిరిగే అవకాశం లేదు. అతుకు దగ్గర పక్క వెలుగులో చూస్తే సుత్తి దెబ్బ దొరుకుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే కొన్ని కదులుతాయి కూడా.

ఏ పనిముట్టూ అక్కర్లేని ఎర్రర్ ఒకటుంది, నాకు అదే ఇష్టం. మన నాణేన్ని పుస్తకంలో పేజీలా కుడి నుంచి ఎడమకు తిప్పితే రెండో వైపు కూడా నిటారుగానే ఉండాలి. పక్కకు ఒరిగినా, తలకిందులుగా ఉన్నా డై రొటేషన్. ఒంటి ముక్క నాణేన్ని ఎవరూ తర్వాత తిప్పలేరు కాబట్టి ఇందులో డ్యామేజీ అన్న అనుమానమే రాదు. రెండు నాణేలు కోసి అతికిస్తే తప్ప, అప్పుడు అంచు లోపల సన్నని అతుకు కనిపిస్తుంది. కొంచెం ఒరగడం మామూలే, దానికి విలువ కట్టకండి. మా అన్నయ్య కొడుకు డాలస్ నుంచి వచ్చినప్పుడు క్వార్టర్లు చూపించి అన్నీ తలకిందులుగా ఉన్నాయి బాబాయ్ అన్నాడు. అమెరికా నాణేలు అలాగే కొడతారు. ఏ దేశానికి ఏది మామూలో తెలియకుండా ఎర్రర్ మాట ఎత్తకూడదు.

పాత నాణేల దగ్గరికి వచ్చేసరికి ఈ కిట్ కంటే కొంచెం చరిత్ర ఎక్కువ పనికొస్తుంది. నాన్నగారి డబ్బాలో యంత్రాలు రాకముందు చేత్తో కొట్టిన నిజాం రూపాయలు ఉన్నాయి. వాటిలో రాత సగమే కనిపిస్తుంది. ఆఫ్ సెంటర్ ఎర్రర్ అని ఒకాయన రెట్టింపు ధర చెప్పాడు. ఆ రోజుల్లో అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, ప్రతి దాని మీదా రాతలో ఏదో ఒక ముక్కే పడుతుంది. యంత్రం మీద పడ్డ నాణేనికి ఎర్రర్ అయినది సుత్తితో కొట్టినదానికి మామూలు సంగతి. తర్వాత చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ బొమ్మతో వచ్చిన యంత్రపు రూపాయల్లో ద్వారం మధ్య ఆయన పేరుకు గుర్తుగా ఐన్ అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. కొన్నిటిలో అది పొట్టిగా, కొన్నిటిలో పూర్తిగా ఉంటుంది. అచ్చులు వేరు, అంతే. సేకరించేవాళ్లకు తేడా ముఖ్యమే గానీ పొట్టి ఐన్ విరిగిపోయిన అక్షరం కాదు.

అదే డబ్బాలోని రూపాయల మీద చిన్న చిన్న ముద్రలు, గాట్లు ఉన్నాయి. షరాబులు వెండి పరీక్షించి వేసిన గుర్తులవి. టంకశాల తప్పు కాదు, కాబట్టి లెక్కకు డ్యామేజీయే. కానీ నాకు వాటిని డ్యామేజీ అనడానికి మనసొప్పదు, ఆ నాణెం ఎవరి చేతుల్లో తిరిగిందో చెప్పే సంతకాలు అవి. ధర తగ్గితే తగ్గనీ.

లంబాడీ ఆడవాళ్లు రూపాయలను దండలుగా గుచ్చి వేసుకునేవారు కదా, అలాంటి దండల్లోంచి వచ్చిన రూపాయలకు తల దగ్గర టంకం ముద్ద మిగిలి ఉంటుంది. దాన్ని "కడ్" అని అమ్మడం చూశాను. అచ్చు అంచు విరిగితే ఆ ఖాళీలోకి లోహం ముద్దగా చేరుతుంది, అది కడ్. లోహం అటు పారిపోతుంది కాబట్టి వెనక వైపు సరిగ్గా అదే చోట బొమ్మ పలచబడాలి. టంకం అయితే వెనక వైపు చెక్కుచెదరదు, పక్క వెలుగులో రంగు కూడా కలవదు. ఇక్కడ త్రాసును నమ్మకండి, అరుగుదల తగ్గించింది టంకం పూడ్చేసి బరువు సరిపోయినట్టు చూపిస్తుంది.

కాణీల విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. విక్టోరియా కాలపు రాగి కాణీ 6.47 గ్రాములు. 1906లో రాగి నుంచి కంచుకు మారి 4.86కు దిగింది. 1907 కాణీ తెచ్చి పలచని బిళ్ల ఎర్రర్ అంటే త్రాసు తప్పు చెప్పదు, మనం పోల్చేది తప్పు నాణెంతో. అలాగే 1943 నుంచి వచ్చిన చిల్లుకాణీలో చిల్లు లేకపోతే నిజంగా గొప్ప ఎర్రరే. అందుకే చిల్లు పూడ్చేవాళ్లు ఉంటారు. మధ్యలో రంగు తేడా, చుట్టూ సన్నని వలయపు గీత కనిపిస్తే అక్కడితో ఆపేయండి. ఇక 1911 జార్జి రూపాయిలో రాజుగారి వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవైంది, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. దాన్ని కూడా కొందరు మింట్ ఎర్రర్ జాబితాలో వేస్తారు. బొమ్మ గీసినవారి పొరపాటుకు యంత్రాన్ని ఎందుకు అనాలి?

కిట్ మీద మిగిలిన ఫిర్యాదులు. త్రాసు గాలికి తట్టుకోదు, ఫ్యాన్ తిరుగుతుంటే చివరి అంకె నిలవదు. విజయవాడ మే నెలలో ఫ్యాన్ ఆపి నాణేలు తూచడమంటే ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పైన బోర్లించే ప్లాస్టిక్ మూత ఇచ్చి ఉంటే సరిపోయేది. మైక్రోస్కోప్ సాఫ్ట్‌వేర్ నా పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కలేదు, మామూలు కెమెరా యాప్‌తోనే పనిచేసింది. పుస్తకం చీమ తల అంత అక్షరాలతో ఇంగ్లిష్‌లో ఉంది. అందులో బ్యాటరీ ఎలా వెయ్యాలో రెండు పేజీలు, నాణేల గురించి ఒక్క ముక్క లేదు. వాపసు ఇద్దామంటే మైక్రోస్కోప్ ఒక్కటే తీసుకోరట, పెట్టె మొత్తం ఇవ్వాలట. త్రాసు వదులుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. ప్రస్తుతం మైక్రోస్కోప్ మా మనవడి దగ్గర ఉంది, ఉప్పు రవ్వలు, చీమలు చూస్తున్నాడు. వాడి రేటింగ్ ఐదు స్టార్లు.

కాబట్టి నాణేల కోసమే అయితే పెట్టె కొనకండి. త్రాసు విడిగా ఐదారు వందల్లో దొరుకుతుంది, మంచి 10ఎక్స్ భూతద్దం ఇంకో ఆరేడు వందలు, ప్లాస్టిక్ వెర్నియర్ వంద రూపాయల లోపు, అయస్కాంతం పాత స్పీకర్‌లోంచి తీసుకోవచ్చు. త్రాసు కొనేటప్పుడు మాత్రం సరిచూసుకోవడానికి 100 గ్రాముల తూకం రాయి కూడా ఇస్తున్నారో లేదో చూడండి. నాకు ఇవ్వలేదు, దానికి మళ్లీ 180 రూపాయలు అయింది.